లంబసింగి మంచును నలుపు తెలుపులో తీయడం ఎలా? పాత లెన్స్ ఎప్పుడు, కొత్త లెన్స్ ఎప్పుడు

లంబసింగి వెళ్ళి వచ్చినవాళ్ళ ఫోన్లు ఎప్పుడైనా చూశారా? అన్నిట్లో ఒకటే ఫొటో. వెనక బూడిదరంగు దుప్పటి, ముందు మంకీ క్యాప్ పెట్టుకున్న మనిషి. నేను మొదటిసారి వెళ్ళి తెచ్చుకున్నవీ అలాంటివే. కాకపోతే నా దగ్గర కెమెరా, ట్రైపాడ్, వాటితో పాటు సోవియట్ కాలం నాటి ఒక లెన్స్ కూడా ఉన్నాయి. ఆ లెన్స్ చూసుకుని చాలా మురిసిపోయాను.

ఆ రోజు తెల్లవారుజామున తాజంగి రిజర్వాయర్ గట్టు మీద గంటసేపు తీశాను. వ్యూఫైండర్‌లో ప్రతి చెట్టు చుట్టూ మెత్తటి వెలుగు. ఆహా, పాత లెన్స్ మాయ అంటే ఇదే కాబోలు అనుకున్నాను. పొద్దెక్కాక లెన్స్ తిప్పి చూస్తే ముందు గాజు నిండా నీటి బొట్లు, చల్లటి సోడా పోసిన గ్లాసులాగా. నూట పాతిక ఫొటోల్లో ఒక్కటీ పనికి రాలేదు.

ఆ దెబ్బతో ఒక విషయం తెలిసింది. పొగమంచే మెత్తన. దాని మీద మెత్తటి లెన్స్ కూడా వేస్తే మిగిలేది గంజే. మంచు అనగానే పాత లెన్స్ తగిలించేయడం చాలామందికి అలవాటు. నేను ఇప్పుడు దాన్ని తిరగేసి చేస్తాను: పొద్దు పొడవకముందు కొత్త లెన్స్, పొడిచాక పాత లెన్స్. ఎందుకో వరసగా చెప్తాను.

ఇంకో మాట. మనకు తుహినమైనా, పొగమంచైనా, ఆకు మీద బొట్టైనా, హిమాలయాల మీద పడేదైనా అన్నీ మంచే. ఇక్కడ ఎక్కువగా చెప్పేది పొగమంచు గురించి. అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్ళకు అసలు మంచు సంగతి చివర్లో ఉంది.

ముందు రోజు చూసుకోవాలి

మంచు పట్టాలంటే చలి ఒక్కటే చాలదు. రాత్రంతా ఆకాశం తేటగా ఉండాలి, గాలి దాదాపు ఆగిపోవాలి, తేమ ఉండాలి. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి లోయలోకి జారుతుంది. అక్కడ తేమ సన్నటి బొట్లుగా మారుతుంది. అందుకే పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కి చూస్తే కింద లోయ పాలు పొంగిన కుండలా కనిపిస్తుంది, పైన మీ నెత్తి మీద మాత్రం చుక్కలుంటాయి.

వాతావరణం యాప్‌లో ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది, అంటే గాలిలో తేమ బొట్లుగా మారే ఉష్ణోగ్రత. తెల్లవారుజామున ఈ రెండూ ఒకటి రెండు డిగ్రీల తేడాలోకి వస్తున్నాయా, గాలి బాగా తక్కువగా ఉందా చూడండి. ఉంటే బయలుదేరండి. రాత్రికి మబ్బు పడుతుందని చూపిస్తే ప్రయాణం మానుకుని హాయిగా పడుకోండి.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి రావాలి. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట ఉంటే కొర్రులా బిగుసుకుపోతారని అర్థం చెబుతారు. ఆ పేరును సీరియస్‌గా తీసుకోండి. డిసెంబర్, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల లోపుకు పడిపోయే రోజులుంటాయి. చేతికి తొడుగులు లేకపోతే ఫోకస్ రింగు తిప్పడం మీ వల్ల కాదు. శని, ఆదివారాలు వద్దు, సంక్రాంతి సెలవుల్లో అసలే వద్దు. ఆ రోజుల్లో మీకు దొరికేది కార్ల హెడ్‌లైట్లే.

డిసెంబర్ చివర్లో ఇక్కడ సూర్యోదయం దాదాపు ఆరున్నరకు. అప్పుడు సూర్యుడు సరిగ్గా తూర్పున లేవడు, తూర్పు నుంచి సుమారు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి లేస్తాడు. ముందు రోజు సాయంత్రమే కంపాస్ యాప్ పట్టుకుని ఆ దిక్కున ఏ చెట్టుందో, ఏ కొండుందో చూసి పెట్టుకోండి. చీకట్లో వెతుక్కుంటే దొరకదు. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదంటారు కదా, మన పనికొచ్చే వెలుగు అంతకంటే తక్కువ. ఐదున్నర నుంచి ఎనిమిది దాకా, అంతే. వంజంగి అయితే కొండ ఎక్కే టైం కూడా కలుపుకోండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

కొత్త లెన్స్ ఏదైనా పర్లేదు. కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఎఫ్/8 దగ్గర చక్కటి పని చేస్తుంది, దాన్ని తక్కువగా చూడకండి. (ఎఫ్ పక్కనుండే అంకె అపర్చర్‌ది, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రానిది. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది.) ఇంకా మంచిది ఉంటే 24-70 లాంటిది తెచ్చుకోండి.

పాత లెన్సుల్లో మన దగ్గర ఎక్కువగా చేతులు మారేది హేలియోస్ 44-2. 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2. జర్మనీ జైస్ వాళ్ళ బయోటార్ డిజైన్ ఆధారంగా సోవియట్ ఫ్యాక్టరీల్లో గుట్టలుగా తయారైంది. రంధ్రాన్ని మూసే బ్లేడ్లు ఎనిమిది. దీని అపర్చర్‌కు రెండు రింగులుంటాయి. ఒక దానితో ఎఫ్/8 అని హద్దు పెట్టుకుంటారు, రెండోది తిప్పితే పూర్తిగా తెరుచుకున్న దగ్గర్నుంచి ఆ హద్దు దాకా వచ్చి ఆగుతుంది. తెరిచి ఫోకస్ చేసి, చూడకుండానే మూసేసి క్లిక్ కొట్టొచ్చు. చీకట్లో ఇది గొప్ప సుఖం. సెన్సార్ చిన్నగా ఉండే 1.5 క్రాప్ కెమెరా మీద పెడితే ఇది 87 మిల్లీమీటర్ల లెన్స్‌లా పనిచేస్తుంది, అంటే విశాలమైన దృశ్యానికి పనికి రాదు, ఒక చెట్టు, ఒక పాక, ఒక ఎడ్లబండి లాంటి వాటికి పనికొస్తుంది.

నన్నడిగితే కొండల వరసలకు పాత 135 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి కొనుక్కోండి. జూపిటర్ 37ఏ, సూపర్ టాకుమార్ 135 లాంటివి ఎఫ్/3.5 వి చిన్నగా, తేలికగా ఉంటాయి. జనం 50ల వెనక పడతారు కాబట్టి 135లు చవగ్గా దొరుకుతాయి. దూరపు కొండలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రావాలంటే ఈ పొడుగు కావాలి. పాత టాకుమార్ 50 ఎఫ్/1.4 కాపీలు చాలా పసుపెక్కి ఉంటాయి. గాజులో కలిపిన థోరియం వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ అలా అవుతాయి. కలర్ తీసేవాళ్ళు బేరమాడతారు, మీరు కళ్ళు మూసుకుని తీసుకోండి. మనకు ఆ పసుపుతో నష్టం లేదు.

కొనే ముందు మాత్రం కళ్ళు తెరవండి. అపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి, రెండో వైపు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే ఫంగస్. మొత్తం గాజు పొగచూరినట్టుంటే హేజ్. నాలుగు దుమ్ము రేణువులుంటే పట్టించుకోకండి. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 'కొత్తదానిలా ఉంది సార్' అంటే నమ్మి నేను తీసుకున్న లెన్స్ లోపల చిన్న తోటే ఉంది. డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఫోన్ ఎత్తడం మానేశాడు. విశాఖ లాంటి తేమ ఊళ్ళలో ఉండేవాళ్ళు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుని లెన్సులు దాచుకోండి.

పాత లెన్స్‌ను ఇప్పటి కెమెరాకు తగిలించే అడాప్టర్ దగ్గర చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. పైన చెప్పిన పాత లెన్సులన్నీ ఎం42 అనే మరతో బిగించేవి, వాటి వెనక నుంచి ఫిల్మ్ దాకా ఉండాల్సిన దూరం 45.46 మిల్లీమీటర్లు. నికాన్ ఎఫ్ మౌంట్ డీఎస్ఎల్ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరా) ఆ దూరం 46.5. ఒక మిల్లీమీటరు ఎక్కువ. దాంతో మామూలు అడాప్టర్ పెడితే దూరపు కొండలు ఎప్పటికీ ఫోకస్ కావు, పువ్వులు, ముఖాలు తీసుకోవచ్చంతే. లాండ్‌స్కేప్‌కు అది పనికిరాదు. కానన్ ఈఎఫ్ దూరం 44 కాబట్టి ఇబ్బంది లేదు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా అయితే అసలు టెన్షనే లేదు, సోనీ ఈ మౌంట్ 18, నికాన్ జెడ్ 16, ఫుజి ఎక్స్ 17.7, అన్నీ పొట్టివే. నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్ళు ఎం42 జోలికి పోకుండా నికాన్ వాళ్ళ పాత ఏఐ, ఏఐఎస్ లెన్సులు చూసుకోండి. అడాప్టరే అక్కర్లేదు.

మిగతావి: ట్రైపాడ్, బ్లోయర్, రెండు మూడు మైక్రోఫైబర్ గుడ్డలు, జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ కవర్లు, అదనపు బ్యాటరీ. బ్యాటరీ సంచిలో కాదు, చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి, చలికి త్వరగా దిగిపోతుంది.

ఇంట్లోనే చేసుకోవాల్సిన సెట్టింగులు

ఫైల్ రకం రా ప్లస్ జేపెగ్ పెట్టండి. పిక్చర్ స్టైల్ మోనోక్రోమ్. దీంతో వ్యూఫైండర్‌లో (డీఎస్ఎల్ఆర్ అయితే వెనక తెర మీద) ప్రపంచం నలుపు తెలుపులో కనిపిస్తుంది, సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచే రా ఫైల్‌లో మాత్రం రంగులన్నీ భద్రంగా ఉంటాయి. ఆ రంగులు తర్వాత ఎంత అవసరమో ముందు ముందు చూస్తారు. ఫోకస్ కుదిరిన అంచుల మీద గీతలు వేసి చూపే ఫోకస్ పీకింగ్ ఆన్ చేసి రంగు ఎరుపు పెట్టండి. నలుపు తెలుపు తెర మీద ఆ ఎర్రటి గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒక బటన్‌కు తెరమీది బొమ్మను పెద్దది చేసే మాగ్నిఫై పెట్టుకోండి. పీకింగ్ చుట్టుపక్కలకు చేరుస్తుంది, సరిగ్గా ఇంటికి చేర్చేది మాగ్నిఫై.

పాత లెన్స్‌కు కెమెరాతో మాట్లాడే తీగల్లేవు. కాబట్టి మెనూలో లెన్స్ లేకున్నా షట్టర్ పనిచేసేలా ఉండే ఆప్షన్ ఆన్ చేయండి. బాడీలో స్టెబిలైజర్ ఉంటే 58 అనో 135 అనో చేత్తో టైప్ చేయాలి. ట్రైపాడ్ ఎక్కించాక దాన్ని ఆపేయండి.

పొద్దు పొడవకముందు: కొత్త లెన్స్

ఐదున్నరకు గట్టు మీద నిలబడ్డారు. అంతా బూడిద. నీడ లేదు, వెలుగు లేదు. ఇప్పుడు మీ ముందున్న దృశ్యంలో కాంట్రాస్ట్ చాలా తక్కువ. పాత లెన్సుల గాజు మీద వెలుగు చెదరకుండా వేసే పూత ఒక్క పొరే, కొన్నిటికి అదీ ఉండదు. లోపల వెలుగు అటూ ఇటూ చెదిరి నలుపులను లేపేస్తుంది. అసలే లేని నలుపును ఇంకా లేపితే చెట్టు మాను కూడా బూడిదలో కలిసిపోతుంది. పెంటాక్స్ 1971లో ఎస్ఎంసీ పేరుతో అనేక పొరల పూత తెచ్చింది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ పొరలు పెంచుకుంటూ వచ్చాయి. ఈ వెలుగులో ఆ పొరల విలువ తెలుస్తుంది. మంచులో రెండు కొమ్మలు మాత్రమే కనిపిస్తున్నప్పుడు, ఆ రెండు కొమ్మలూ సూదిమొనల్లా రావాలి. అవి పదునుగా ఉంటేనే మిగతాదంతా మెత్తగా ఉందని చూసేవాడికి తెలుస్తుంది.

ముందు ఒక నల్లటి వస్తువు వెతకండి. దగ్గరగా ఉన్న సిల్వర్ ఓక్ మాను, గట్టు మీది రాయి, పడవ, ఆవు, ఏదైనా సరే. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్‌లను నీడ కోసం పెంచుతారు, మానుకు మిరియాల తీగ అల్లుకుని ఉంటుంది. ఆ తీగ ఆకులు మాను మీద ముతక గళ్ళలా కనిపిస్తాయి, నలుపు తెలుపుకు బంగారం లాంటివి. మొదటి మాను నల్లగా, రెండోది కాస్త తేలిపోయి, మూడోది ఇంకా తేలిపోయి, నాలుగోది ఉందా లేదా అన్నట్టు. ఈ మెట్లే మీ ఫొటో. ఒక అడుగు పక్కకు జరిగి మానులు ఒకదానికొకటి అతుక్కోకుండా చూసుకోండి. వాటి మధ్య సందు ఉండాలి. నేను కెమెరా పెట్టాక పది నిమిషాలు చేసేది ఈ జరగడమే.

కెమెరాను పైకి వంచకండి. వంచితే నిటారుగా ఉన్న సిల్వర్ ఓక్‌లు అన్నీ లోపలికి వాలతాయి. లెవెల్ పెట్టుకుని, పైన చెట్లు తెగినా పర్లేదనుకోండి.

అపర్చర్ ఎఫ్/8, ఐఎస్ఓ 100 లేదా 200, షట్టర్ ఎంత వస్తే అంత, రెండు సెకన్ల టైమర్. ఆటోఫోకస్ మంచులో అటూ ఇటూ కొట్టుకుంటుంది, దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. దగ్గరి మాను అంచు మీద పెట్టి ఒకసారి ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చేయండి. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సార్) మీద 28 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఎఫ్/8 దగ్గర సుమారు 3.3 మీటర్ల దూరానికి ఫోకస్ పెడితే, 1.65 మీటర్ల నుంచి కొండ దాకా అంతా స్పష్టంగా వస్తుంది. 50తో అయితే ఆ దూరం పది మీటర్ల పైనే. పాత లెన్సుల మీద ఈ లెక్కంతా గీతలు గీసి ఉంటుంది, అదొక్కటి వాటి దగ్గర నేర్చుకోవాలి. కాకపోతే ఆ గీతలు ఆనాటి చిన్న ప్రింట్లకు వేసినవి. మీరు ఎఫ్/8 పెట్టి 5.6 గీతలను నమ్మండి.

వంజంగి మీద మబ్బుల సముద్రం కనిపిస్తే అందరూ 30 సెకన్ల ఎక్స్‌పోజర్ పెడతారు. నాకు అది నచ్చదు. మంచు ఇస్త్రీ చేసిన బట్టలా చదునైపోతుంది. రెండు నుంచి నాలుగు సెకన్లు పెట్టి చూడండి, అలలు అలలుగానే ఉంటాయి, అంచులు మాత్రం జారతాయి.

మీటర్ చెప్పేది వినొద్దు

కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌కు లోకమంతా మధ్యరకం బూడిదరంగే. తెల్లటి మంచును చూపిస్తే దాన్నీ బూడిద చేసి ఇస్తుంది. లంబసింగి ఫొటోలు మురికిగా రావడానికి సగం కారణం ఇదే. మీటర్ చెప్పినదానికి వెలుగు పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 1 దగ్గర మొదలుపెట్టండి.

ఇంకా ఖచ్చితంగా కావాలంటే ఒక్క చోటి వెలుగే కొలిచే స్పాట్ మీటర్ పెట్టి మంచులో బాగా తెల్లగా ఉన్న చోట చూపించి, ఆ రీడింగ్ కంటే ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వండి (ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు). 1940 ప్రాంతంలో అమెరికా ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి తయారుచేసిన జోన్ పద్ధతి కూడా ఇదే చెబుతుంది. అందులో నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుంటాయి, ఆ మెట్లే జోన్లు. మీటర్ చూపేది ఐదో జోన్, మంచు ఉండాల్సింది ఏడో జోన్. ఒక్కో జోన్‌కు ఒక్కో స్టాపు. తెర మీద ఎడమ నుంచి కుడికి నలుపు తెలుపులు ఎంతెంతో చూపే హిస్టోగ్రాం గుట్ట కుడి వైపుకు జరగాలి, కుడి గోడకు మాత్రం తగలకూడదు.

తాజంగి దగ్గర టీ పోసే ఒక మామ్మ నా కెమెరా వెనక తెర చూసి, "ఏటి బాబూ, రంగుల్రాట్లేదేటి? పాడైపోనాదా?" అని అడిగింది. పాడవలేదు మామ్మా, కావాలనే తీసేశానన్నాను. ఆవిడ కాసేపు బయటికీ, తెరకీ మార్చి మార్చి చూసి, "అయితే సరిపోయింది, ఇక్కడా లేవు కదా" అంది. ఆ టైంలో నిజంగానే లేవు.

పొద్దు పొడిచాక: పాత లెన్స్

సూర్యుడు చెట్ల వెనక నుంచి వచ్చాడంటే లెక్క మారిపోతుంది. ఇప్పుడు కాంట్రాస్ట్ విపరీతం. ఆకాశం వైపు కళ్ళు చెదిరే తెలుపు, మానుల ఇటు పక్క కటిక నలుపు. ఇందాక మనం తిట్టుకున్న వెలుగు చెదరడమే ఇప్పుడు పనికొస్తుంది. లెన్స్ లోపల చెదిరిన వెలుగు నీడల్లోకి కాస్త చొరబడి, నలుపును ముదురు బూడిద దాకా తెస్తుంది. కిరణాలు చెట్ల మధ్య నుంచి పాయలుగా దిగుతున్నప్పుడు హేలియోస్‌ను ఎఫ్/2.8 లేదా ఎఫ్/4కు పెట్టి నేరుగా వెలుగు వైపు తిప్పండి. లెన్స్ ముందు పక్క వెలుగును ఆపే హుడ్ తీసేయండి.

సూర్యుణ్ణి మాను వెనక దాచండి. పూర్తిగా బయట పెడితే ఫ్రేమంతా తెల్లబారిపోతుంది, పూర్తిగా దాస్తే వెలుగు రాదు. తల ఒక అంగుళం అటూ ఇటూ కదిపితే తేడా కళ్ళముందే కనిపిస్తుంది. మాను అంచు నుంచి సన్నటి ముక్క తొంగి చూస్తున్నప్పుడు క్లిక్ కొట్టండి. నక్షత్రంలా కిరణాలు కావాలంటే ఎఫ్/16కు మూయండి. బ్లేడ్లు సరిసంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసి అయితే రెట్టింపు. ఎనిమిది బ్లేడ్ల హేలియోస్‌కు ఎనిమిది, తొమ్మిది బ్లేడ్ల కొత్త లెన్స్‌కు పద్దెనిమిది. నా కంటికి ఎనిమిదే ముద్దు. డీఎస్ఎల్ఆర్ వాళ్ళు మాత్రం సూర్యుణ్ణి ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి చూడకండి, వెనక తెర వాడండి.

ఇక్కడ ప్లస్ కాంపెన్సేషన్ తీసేసి సున్నాకు తెచ్చి, తెల్లటి భాగాలు మెరుస్తూ హెచ్చరిస్తున్నాయేమో చూసుకోండి. సూర్యబింబం కాలిపోతే పర్లేదు, దాని చుట్టూ ఉన్న మంచు కాలిపోకూడదు. ఈ ఆట అరగంట, మహా అయితే ముప్పావుగంట. తర్వాత మంచు విడిపోతుంది.

వలిసె పూలను మంచు చేయడం

అరకు వైపు వెళ్ళేవాళ్ళకు ఇంకో బహుమతి ఉంది. నవంబర్, డిసెంబర్ నెలల్లో వలిసె పొలాలు పసుపుతో మండిపోతుంటాయి. నలుపు తెలుపులో పసుపుకేం పని అనుకుంటారు. ఉంది. రా ఫైల్‌ను నలుపు తెలుపు చేశాక, ఎడిటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్లైడర్ ఉంటుంది. పసుపు పైకి, ఆకుపచ్చ కిందికి లాగండి. పూలన్నీ తెల్లబడతాయి, ఆకులు నల్లబడతాయి. కొండ కింద పొలమంతా మంచు కురిసినట్టు ఉంటుంది. తెలియనివాళ్ళు ఇదెక్కడి కాశ్మీరం అని అడుగుతారు.

ఫిల్మ్ మీద తీసేవాళ్ళు ఇదే పనిని పసుపు ఫిల్టర్‌తో కొంతవరకు చేయొచ్చు, ఒక స్టాపు వెలుగు పోతుంది. డిజిటల్‌లో రంగు ఫిల్టర్లు కొనకండి, డబ్బు దండగ. ఎర్ర ఫిల్టర్ పెడితే మంచు చీల్చుకుని కొండలు కనిపిస్తాయని కొందరంటారు. దుమ్ము, పల్చటి మసకకు అది కొంత నిజం. పొగమంచు బొట్లు వెలుగు తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి, అవి ఎరుపునూ నీలాన్నీ ఒకేలా చెదరగొడతాయి. అక్కడ ఎర్ర ఫిల్టర్ చేసేదేమీ లేదు.

పొలంలోకి దిగే ముందు యజమానిని అడగండి. ఏదైనా ఇమ్మంటే ఇవ్వండి. అది వాళ్ళ నూనెగింజల పంట, మన సినిమా సెట్టింగు కాదు. మనుషుల్ని తీసేటప్పుడూ అంతే, ముందు మాట, తర్వాత కెమెరా.

తడితో తంటా

తెల్లవారుజామున లెన్స్ కూడా నేలలాగే ఆకాశంలోకి వేడి వదిలి చల్లబడుతుంది. అప్పుడు దాని మీద బొట్లు పడతాయి. క్లిక్ లేనప్పుడు మూత పెట్టండి. పొద్దు పొడిచేదాకా హుడ్ ఉంచండి. మందుల షాపులోనో ఆన్‌లైన్‌లోనో దొరికే హ్యాండ్ వార్మర్ ప్యాకెట్‌ను లెన్స్ చుట్టూ రబ్బరు బ్యాండుతో కట్టండి, కొంచెం వెచ్చదనం ఉంటే చాలు బొట్టు నిలవదు. పది ఫొటోలకోసారి ముందు గాజును కళ్ళతో చూడండి. నాకు జరిగింది మీకు జరగకూడదు.

లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ముఖం కిందికి ఉంచి, సంచిలోపలే మార్చండి. ఇక ఘాట్ దిగి విశాఖ చేరాక, చలికి గడ్డకట్టిన కెమెరాను ఉక్కగాలిలో వెంటనే తీస్తే లోపలా బయటా చెమట పడుతుంది. కొండ మీదే జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. ఇల్లు చేరి, భోంచేసి, కవర్ బయటి తడి పూర్తిగా ఆరాకే తెరవండి. కార్డు ముందే తీసి జేబులో వేసుకుంటే ఆత్రం ఆగుతుంది.

అసలు మంచులో ఉన్నవాళ్ళకు

మిన్నియాపొలిస్‌లోనో, టొరంటోలోనో ఉన్నవాళ్ళకు లెక్క కొంచెం వేరు. తెల్లటి మంచుకు ప్లస్ 1.5 నుంచి 2 దాకా ఇవ్వండి. ఎండ రోజు మంచు మీది నీడలు నీలంగా ఉంటాయి, పైన ఆకాశం వెలుగు పడుతుంది కాబట్టి. నీలం స్లైడర్ కిందికి లాగితే నీడలు ముదిరి, మంచు మీది గీతలు, గుంటలు, అడుగుజాడలు పైకి లేస్తాయి. ఆకాశం కూడా నల్లబడుతుంది. ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్‌లో, ఇంకా మంచు ఉండగానే యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే కొండ దగ్గర పసుపు ఫిల్టర్ తీసి ముదురు ఎరుపు పెట్టి ఆకాశాన్ని నల్లగా చేసింది ఈ సూత్రంతోనే.

పాత లెన్స్‌లో నలభై, యాభై ఏళ్ళ నాటి గ్రీజు ఉంటుంది. సున్నాకు పది, పదిహేను డిగ్రీలు కింద అది బంకలా బిగుస్తుంది, ఫోకస్ రింగు మొరాయిస్తుంది. బలవంతంగా తిప్పకండి. ఇంట్లోనే ఇన్ఫినిటీ దగ్గర పెట్టుకుని వెళ్ళండి. బ్లేడ్ల మీద నూనె మరక ఉన్న లెన్స్‌ను చలిలోకి తీసుకెళ్ళకపోవడమే మంచిది, అతుక్కుపోతాయి.

కంప్యూటర్ ముందు

మంచు ఫొటో చూడగానే చేయి మసకను తీసేసే డీహేజ్ స్లైడర్ మీదకు పోతుంది. ఆపుకోండి. అంత చలిలో వెళ్ళి తెచ్చుకున్న మంచును ఒక్క లాగుతో చెరిపేసుకోవడమే అది, పైగా చెట్ల చుట్టూ తెల్లటి అంచులు వస్తాయి. ముందు చేయాల్సింది నలుపు ఎక్కడ ఉండాలో తేల్చుకోవడం. దగ్గరి మాను ఒక్కటి నల్లగా ఉంటే చాలు, దూరపు చెట్లను బూడిదలోనే వదిలేయండి. బ్రష్ తీసుకుని ఆ మానును మాత్రం అర స్టాపు ముదురు చేయండి. కిరణాలు పడ్డ చోట కొంచెం తేట చేయండి. పాత లెన్స్‌తో తీసిన వాటి మూలలు నల్లగా ఉంటాయి, మంచు ఒకే రంగులో ఉంటుంది కాబట్టి అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నాకిష్టమే, సగం ఉంచుతాను.

సెన్సార్ మీద దుమ్ము మచ్చలు కూడా మంచులోనే బయటపడతాయి. ఫొటోను 100 శాతం పెద్దది చేసి మూల నుంచి మూలకు ఒకసారి తిరగండి.

ఇంకో చిక్కుంది. తెలుపు నుంచి బూడిదకు నెమ్మదిగా జారే చోట జేపెగ్ చేశాక మెట్లు మెట్లుగా చారలు వస్తుంటాయి. చివరి దాకా 16 బిట్‌లోనే పని చేసి, ఆఖర్న కొంచెం గ్రెయిన్ (ఫిల్మ్ మీద ఉండే ఇసుక లాంటి గరుకు) కలపండి. ఆ ఇసుక చారలను కప్పేస్తుంది, ఫిల్మ్ వాసన కూడా వస్తుంది.

ప్రింట్ వేయిస్తే మామూలు కలర్ ల్యాబ్ పేపర్ మీద వద్దు. బూడిదరంగులో లేత పచ్చో, గులాబీయో కలిసిపోతుంది. పిగ్మెంట్ ఇంకుతో మ్యాట్ పేపర్ మీద వేసేవాళ్ళు ఎవరైనా మీ ఊళ్ళో ఉన్నారేమో అడగండి. పెద్దది వేయించే ముందు అదే పేపర్ మీద 4 బై 6 ముక్క ఒకటి వేయించి, ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. తెరమీద కనిపించిన దాని కంటే దాదాపు ఎప్పుడూ కాస్త ముదురుగానే ఉంటుంది. ఎంత ముదిరిందో చూసుకుని ఫైల్‌ను అంత తేట చేసి, అప్పుడు పెద్దది ఇవ్వండి.